ప్రతినిధి న్యాయము – ఒక పాత జీపు స్టీరింగ్ బాక్సు



విహితమైన ద్రవ్యము లభింపనప్పుడు, లేక కర్మ మధ్యలో అది నశించినప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్న పూర్వమీమాంసకులకు మిక్కిలి ప్రియమైనది. జైమిని మహర్షి షష్ఠాధ్యాయ తృతీయ పాదమున దీనిని విస్తారముగా విచారించినాడు. వ్రీహులు లేనిచో నీవారములు, సోమలత లేనిచో పూతీకము అను ఉదాహరణములు శాస్త్రపాఠమున కూర్చున్న వారందరికీ పరిచితములే. ఈ విచారము యాగశాల ప్రాకారము దాటి బయటకు రాదని చాలామంది తలచెదరు. సూళ్లూరుపేటలో ఒక పాత జీపునకు స్టీరింగ్ బాక్సు మార్చవలసి వచ్చినప్పుడు ఆ గృహస్థునకు అక్కరకు వచ్చినది మాత్రము ఈ పాదమే.

ఆయన శ్రీహరికోటలోని షార్ కేంద్రమున వాహన విభాగములో ఫిట్టరుగా చేరి, అక్కడనే పదవీ విరమణ చేసినవాడు. వయస్సు డెబ్బది దాటినది. విరమణానంతరము సాయంకాలములందు దేవాలయ మండపమున జరుగు శాస్త్రపాఠమునకు వచ్చి, స్తంభమునకు ఆనుకొని వినుట అలవాటు చేసికొన్నాడు. ఎన్నడును ప్రశ్న అడుగడు. ఆయనకు ఉన్న ఏకైక వ్యామోహము, ప్రభుత్వ వేలములో కొనిన మహీంద్రా సి.జె. 3బి జీపు. రెండవ ప్రపంచ యుద్ధములో పేరు పొందిన విల్లీస్ జీపు వంశములోనిది. ప్రతి శుక్రవారము దంపతులిద్దరును దానిలోనే కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ పరమేశ్వరి దర్శనమునకు పోయెడివారు. ఆ తల్లి గుడికి రేయింబవళ్లు తలుపు వేయరు. రాకెట్ ప్రయోగమునకు ముందు ఇస్రో అధ్యక్షులు వచ్చి మ్రొక్కి పోవునది ఆ సన్నిధిలోనే. భార్య గతించిన తరువాత కూడ ఆయన శుక్రవార నియమమును, జీపును విడువలేదు.

ఒక మార్గశిర మాసపు సాయంకాలము ఆయన పులికాట్ సరస్సు మధ్యగా దీవికి పోవు రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర రాజహంసలను చూచి తిరిగి వచ్చుచుండెను. ఎదురుగా లారీ. ప్రక్కకు తీయుటకు స్టీరింగును పావు చుట్టు త్రిప్పినాడు; బండి వినలేదు. మరికొంత త్రిప్పగానే ఒక్కసారిగా విన్నది. ఎడమ చక్రము రోడ్డు అంచున కంకర మీదికి దిగి ఆగినది. క్రింద నీరు. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ రాత్రి అమెరికాలోని కుమారునితో మాటలలో ఆ సంగతి నోరు జారినది. "నాన్నా, చాలు. బండి అమ్మేసెయ్. లేదంటే పవర్ స్టీరింగ్ అన్నా పెట్టించు, డబ్బులు నేను పంపిస్తా" అని అతడు కోపించినాడు.

ఆ కుమారుడు మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ సమీపమున ఉద్యోగి. విధివిలాసమేమన, అతని కారుషెడ్డులోను అదే సమస్య. 1968 నాటి ప్లిమత్ బారకూడా ఒకటి కొని, సెలవు దినములలో బాగుచేయుచున్నాడు. అటువంటి వాటిని అక్కడ మజిల్ కార్లందురు. ఓ మోస్తరు శరీరములో మహత్తరమైన ఎనిమిది సిలిండర్ల ఇంజను కూర్చినవి. మన దేశమున కాంటెస్సాను కొందరు ముద్దుగా ఆ పేరుతో పిలుచుట కలదు. అతని కారులోను స్టీరింగ్ బాక్సు అరిగినది. మార్పిడికి 24కు 1 నిష్పత్తి గలది కొనవలెనా, 16కు 1 నిష్పత్తి గలది కొనవలెనా అని సందిగ్ధము. తల్లి పోయిన తరువాత తండ్రీకొడుకుల మధ్య మాటలు "తిన్నావా, పడుకున్నావా" అనువాటికి కుదించుకొని పోయి ఉండెను. ఈ పెట్టెల పుణ్యమా అని గంటల తరబడి సాగినవి, సగము వాదులాటే అయినను.

కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునకు చెప్పిన రథరూపకము అందరూ ఎరిగినదే. శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు మార్గములు, ఆత్మ రథి. ఈ రూపకములో స్టీరింగ్ బాక్సుకు స్థానమెక్కడ? సారథి చేతికిని చక్రములకును నడుమ నున్నది కనుక అది పగ్గమే, అనగా మనస్సే. సారథి చేయు భ్రమణమును గ్రహించి, దానిని ప్రక్కకు నెట్టు కదలికగా మార్చి చక్రములకు అందించుట దాని ధర్మము. వాహనపూజలో స్టీరింగ్ చక్రమునకు గంధము, కుంకుమ, పూలదండ లభించును. చక్రముల క్రింద నిమ్మకాయలు లభించును. ఈ పెట్టెకు మాత్రము ఏమియు లేదు. అది మడ్‌గార్డు చాటున, మట్టి కొట్టుకొని ఉండును.

శ్రీహరికోట వాసులకు ఈ విషయము క్రొత్త కాదు. ఆ దీవి చరిత్రలో రెండు పెద్ద భంగపాటులు నియంత్రణకు సంబంధించినవే. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి. 3 మొదటి ప్రయోగమున రెండవ దశను త్రిప్పి నిలుపు వ్యవస్థలో ఒక కవాటము సరిగా మూసికొనక, నైట్రిక్ ఆమ్లము కారిపోయినది. త్రిప్పుటకు శక్తి లేని వాహనము బంగాళాఖాతమున పడినది. మరుసటి యేడు, 1980 జూలై 18న, అదే తీరు వాహనము రోహిణీ ఉపగ్రహమును కక్ష్యలో చేర్చినది. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగము. రెండవ, మూడవ దశలు విడివడునప్పుడు కలిగిన కుదుపును సరిదిద్దవలసిన నియంత్రణ గణనములో దోషముండినది. అదియు సముద్రము పాలైనది. మొదటిది పగ్గము తెగుట, రెండవది సారథి తడబడుట. 1994 అక్టోబరు 15న ఆ దోషమును సరిచేసి ప్రయోగించిన వాహనము కృతకృత్యమైనది. ఆ రెండు పతనములనాడును ఈ ఫిట్టరు దీవిలోనే ఉన్నాడు. ఎక్కడ చెడినదో తేల్చుకొనక ఏదియు మార్చరాదను పాఠము ఆయనకు అక్కడ అబ్బినది.

ఊరిలోని యువ మెకానిక్కు బండి చూచీ చూడకముందే "బాక్సు పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. ఆయన ఒప్పుకొనక, ఆ కుఱ్ఱవానిని స్టీరింగు ముందు కూర్చుండబెట్టి, తాను క్రింద చాప పరచుకొని పడుకొన్నాడు. "మెల్లగా తిప్పు నాయనా, ఇటూ అటూ." చక్రము తిరిగియు పెట్టె నుండి వెలువడిన పిట్‌మన్ ఆర్మ్ కదలనిచో దోషము పెట్టెలోనిది. ఆర్మ్ కదలియు టైరు కదలనిచో దోషము ఆపైనున్న కడ్డీలది. ఇంత చిన్న పరీక్ష చేయక పెట్టెలు మార్చి, వదులు మాత్రము తీరని బండ్లు లెక్కలేనన్ని. ఈ జీపులో రెండు దోషములును బయటపడినవి. ముందు చక్రముల మధ్యనున్న బెల్ క్రాంక్ బుష్షులు అరిగి లొటలొటలాడుచుండెను. టై రాడ్ చివరలు రెండు పోయినవి. అవి మార్చిన తరువాత వదులు చాలవరకు తగ్గినది. మిగిలినది పెట్టెదే.

పెట్టె విప్పి చూడగా సంగతి తెలిసినది. ఈ తరహా జీపులలో స్టీరింగ్ కడ్డీ చివర సర్పిలాకారపు గాడి గల కామ్ ఉండును. దాని గాడిలో ఒక లివర్‌కు అమర్చిన రెండు పిన్నులు కూర్చుండి, కామ్ తిరిగిన కొలది ప్రక్కకు జరుగును. బండి నేరుగా పోవునప్పుడు పిన్నులు గాడి మధ్యభాగములో ఉండును. జీవితములో అధికకాలము బండి నేరుగానే పోవును కనుక అరుగుదల అంతయు ఆ మధ్యభాగమునకే. ప్రక్కనున్న మరను బిగించి మధ్యలోని వదులు తీసివేసినచో, అరుగని అంచులలో పిన్నులు పట్టివేసి, మలుపులో చక్రము బిగిసిపోవును. కావున మిక్కిలి అరిగిన పెట్టెను బిగించుట చికిత్స కాదు, అపాయము. కొంచెము వదులు ఎప్పుడును ఉండవలసినదే; పగ్గమును నిత్యము లాగిపట్టిన సారథిని గుఱ్ఱములు సహింపవు. ఇక్కడ వదులు ఆ మేరను ఏనాడో దాటినది. పైగా నూనె కారిపోవుచున్నదని ఎవరో లోపల గ్రీజు కుక్కినారు. గ్రీజు ఒకసారి ప్రక్కకు తొలగిన తరువాత తిరిగి రాదు. గాడి ఎండిపోయి గుంటలు పడినది. పిన్నులు చదునైనవి. పులికాట్ ఉప్పుగాలి పని వేరే చెప్పనక్కరలేదు.

మార్పిడి తప్పదని తేలినది. ఏ మార్పిడి? ఆయన సూళ్లూరుపేట నుండి లోకల్ రైలెక్కి చెన్నై పుదుప్పేటకు పోయినాడు. పాత బండ్లను విప్పి భాగములుగా అమ్ము ఆ వీధులలో స్టీరింగ్ బాక్సులు కొబ్బరికాయల వలె రాసులు పోసి ఉండును. చేతిలో తన బండి పెట్టె. మనస్సులో ప్రతినిధి న్యాయము.

ఆ న్యాయములోని మొదటి మాట, ప్రతినిధి ముఖ్యద్రవ్యమునకు సదృశమై ఉండవలెను. రెండవ మాట, సదృశమైనను నిషిద్ధమైనది పనికిరాదు. మాషములు, వరకములు, కోద్రవములు యజ్ఞమునకు అనర్హములని చెప్పబడినవి గనుక, చూచుటకు ఎంత దగ్గరగా ఉన్నను వాటిని ప్రతినిధిగా కూడ గ్రహింపరాదు. పుదుప్పేటలో మొదటి దుకాణదారుడు చూపిన పెట్టె అచ్చముగా జీపుదే. చక్కగా మెరయుచున్నది. ఆయన దానిని పట్టుకొని కడ్డీని త్రిప్పి చూచి, క్రింద పెట్టివేసినాడు. అది ఎడమ ప్రక్క స్టీరింగు గల బండికై చేయబడినది. గాడి మెలిక దిశ వేరు. బిగించినచో కుడికి త్రిప్పగా బండి ఎడమకు పోవును. సాదృశ్యము సంపూర్ణము, ఫలము విపరీతము.

మూడవ మాట సూక్ష్మమైనది. ప్రతినిధిగా తెచ్చిన ద్రవ్యము కూడ నశించినచో, దాని స్థానమున మరల తెచ్చునది ఆ ప్రతినిధికి సదృశము కారాదు. మొదటి ముఖ్యద్రవ్యమునకే సదృశము కావలెను. నీవారములు పోయినచో నీవారముల వంటి దానిని కాదు, వ్రీహుల వంటి దానిని వెదకవలెను. లేనిచో పోలికకు పోలిక, దానికి పోలిక తెచ్చుకొనుచు పోయి, చివరకు వ్రీహి గంధమైనను లేని ద్రవ్యము వేదికి చేరును. ఈ మాట గుర్తుకు వచ్చినప్పుడే ఆయన చేతిలోని పెట్టెను పరకాయించి చూచినాడు. అది బండితో వచ్చిన పెట్టె కాదు. పదేండ్ల క్రిందట ఎక్కడనో పోత పోసిన నకలు. అప్పుడు తొందరలో మార్పించినది. దుకాణములవారందరు చూపుచున్నవి ఆ నకలుకు నకళ్లు. మరి అసలు పెట్టె? ఆయన ఇంటిలో ఏ వస్తువును పారవేయు అలవాటు లేదు. భార్య పలుమార్లు విసుగుకొనెడిది. అటకమీద వడ్లబస్తా వెనుక గోనెలో చుట్టి ఉండవలెను.

ఉన్నది. పై కవచము ఎక్కడను పగులలేదు. అరిగినవి లోపలి కామ్, లివర్ మాత్రమే. ముఖ్యద్రవ్యము లభించినప్పుడు ప్రతినిధిని ఆశ్రయించుట తగదని శాస్త్రము. అంశతః చెడినదానిని సర్వథా నష్టమని త్రోసివేయుటయు తగదు. పురోడాశమును కాల్చునప్పుడు కొంత మాడుట సహజము. సర్వము దగ్ధమైనప్పుడే ప్రాయశ్చిత్తమని మీమాంసకుల నిర్ణయము. రెండవసారి పుదుప్పేటకు పోయి, కుడిప్రక్క స్టీరింగునకు తగిన క్రొత్త కామ్, లివర్, బేరింగులు, నూనె కారకుండ సీలు తెచ్చినాడు. పాత కవచములో తన చేతితోనే కూర్చినాడు. కడ్డీ పొడవునా వదులు లేకుండునట్లు సన్నని షిమ్ములు ఒక్కొక్కటే తీసి చూచుటకు ఒక పూట పట్టినది. చక్రములు నేరుగా ఉంచి ప్రక్క మరను సరిచేసి, గ్రీజు కాక గేర్ ఆయిలే పోసినాడు.

ఇంతతో ఆగినచో కథ సుఖాంతమే. కుమారుని ప్రశ్న మిగిలి ఉన్నది. "బాక్సు బాగుంది సరే. మీ భుజం సంగతేంటి?" కుడి భుజము పట్టివేసి రెండేండ్లైనది. నిలిచియున్న బండి చక్రము త్రిప్పునప్పుడు ఆయన పండ్లు బిగపట్టుట అందరూ చూచినదే. దానికి ఆయన శాస్త్రముతోనే సమాధానమిచ్చినాడు. దేవతకు, అగ్నికి, మంత్రమునకు, క్రియకు ప్రతినిధి లేదు. స్వామికి, అనగా యజమానునకు, అసలే లేదు. బండి నడుపువాడు యజమానుడు. వాని బలమునకు బదులుగా నూనె ఒత్తిడితో త్రిప్పు యంత్రమును పెట్టరాదు.

వినుటకు ఈ వాదము గంభీరముగా ఉన్నది కాని నిలువదు. యజమానుడు ఒంటరిగా యాగము చేయడు. దక్షిణనిచ్చి ఋత్విజులను వరించును. వారు చేసినంత మాత్రమున యజమానుని స్థానము పోదు. సంకల్పము అతనిదే, ఫలము అతనిదే. పవర్ స్టీరింగు ఋత్విజుని వంటిదే కాని స్వామికి ప్రతినిధి కాదు. ఎటు త్రిప్పవలెనో అది నిర్ణయింపదు. కనుక దానిని శాస్త్రము పేరు చెప్పి కాదనుట శాస్త్రమునకు న్యాయము చేయుట కాదు. నిజమైన అభ్యంతరములు వేరు. అమర్చుటకు చాసిస్‌కు కోతలు, అతుకులు కావలెను. తుప్పు పట్టిన పాత ఉక్కు మీద స్టీరింగు భారమును మోయు అతుకు నమ్మదగినది కాదు. ఇంజను ఆగినచో సహాయమును ఆగును. అప్పుడు చక్రము మరింత బరువగును. ఈ మాటలు చెప్పి ఉండిన కుమారుడు కూడ ఇంజనీరే, వినియుండును. సూత్రములు వల్లించినందువలన అతనికి కోపము హెచ్చినది, అంతే. నాలుగు దినములు ఫోను రాలేదు.

ఆ నాలుగు దినములలో ఆయన పాఠమున మొదటిసారి ప్రశ్న అడిగినాడు. "అశక్తుడికి అధికారం ఉందా, లేదా?" మీమాంసలో దీనికి రెండు విధములైన సమాధానము కలదు. కామ్యకర్మకు సర్వాంగములును కావలెను. చేయలేనివానికి అధికారము లేదు. నిత్యకర్మను మాత్రము యథాశక్తి చేయవలెను. ఒక అంగము లోపించినను కర్మ లోపింపదు. ఆయన చాలసేపు ఊరకుండి, "శుక్రవారం గుడి నిత్యం. హంసల్ని చూసేది కామ్యం" అని తనలో తాననుకొన్నట్లు అన్నాడు. మండపములో ఎవరును బదులు పలుకలేదు.

మరునాడు ఆయన దృష్టి టైర్లమీద పడినది. ఈ జీపునకు విహితమైనవి 6.00-16 సన్నటైర్లు. ఠీవిగా ఉండునని ఎప్పుడో వెడల్పాటి టైర్లు వేయించినారు. టైరు ఎంత వెడల్పైనచో నేలతో అంత ఘర్షణ. అంత బరువును చేతులే మోయవలెను. జీపు స్టీరింగు నిష్పత్తి 14కు 1 ప్రాంతమున ఉండును. పెట్టె సహాయము స్వల్పము కనుక ఆ భారమంతయు భుజము మీదికే వచ్చుచుండెను. భుజము బలహీనపడినదను మాట సత్యమే. దాని మీద మోపిన బరువు అనవసరమైనదన్నది కూడ సత్యమే. సన్నటైర్లు వేయించి, గాలి సరిచూచి, బండిని కొంచెము కదలనిచ్చి త్రిప్పగా చక్రము చేతికి లొంగినది. వైద్యుడు చెప్పిన భుజపు వ్యాయామములును అప్పటినుండి మొదలుపెట్టినాడు. సరస్సు రోడ్డుకు మాత్రము జీపును తీసికొని పోలేదు. పక్షుల కాలమున పొరుగింటివారి కారులో, వెనుక సీటులో కూర్చుండి పోయి వచ్చుచున్నాడు. గుడికి, ఊరిలోనే కనుక, పట్టపగలు తానే నడుపుకొని పోవును.

ఐదవనాడు తానే ఫోను చేసి ఇవన్నియు చెప్పినాడు. శాస్త్రము మాట ఎత్తలేదు. కుమారుడు చాలసేపు టైర్ల గురించే అడిగినాడు. ఆపై తన సందిగ్ధము. క్రైస్లర్ వారి ఆనాటి పెట్టెలలో 24కు 1 గలది ఒక కొస నుండి మరియొక కొసకు ఐదు చుట్లకు పైగా తిరుగును, చేతికి తేలిక. 16కు 1 గలది మూడున్నర చుట్లతో ముగియును, చురుకుగా ఉండును, కాని ముందు భాగమున బరువైన ఇంజను గల ఆ కారును నిలిపియుంచి త్రిప్పవలసి వచ్చినప్పుడు భుజములు పడిపోవును. అతని మనస్సు 16 మీద ఉన్నది. మిత్రులందరు దానినే మెచ్చుకొనుచున్నారట.

"ఆ బండి నువ్వు కాక ఇంకెవరు నడుపుతార్రా?" అని తండ్రి అడిగినాడు.

కుమార్తెకు పదహారు వచ్చినవి, ఆ కారులోనే నేర్చుకొనెదనని పట్టుబట్టుచున్నదని అతడు చెప్పినాడు. "అయితే ఇరవైనాలుగుది పెట్టు" అన్నాడు తాత. అరిగిన పాత పెట్టెను మాత్రము పారవేయవద్దని, గోనెలో చుట్టి షెడ్డులో పైన పెట్టుమని కూడ చెప్పినాడు. వేసవిలో వచ్చిన ఒక చిన్న వీడియోలో ఆ పిల్ల మలుపు తిరుగుటకై చేతులు మార్చి మార్చి చక్రమును చుట్టుచు, "ఇంకా ఎన్ని చుట్లు నాన్నా" అని నవ్వుచున్నది. ఆయన దానిని మండపములో ఉన్నవారందరికి చూపించినాడు.